మొదటి పది నిమిషాలు, చివరి పది నిమిషాలు

చరిత్రకారులు పట్టాభిషేకాలకు తేదీలు వేశారు, యుద్ధాలకు తేదీలు వేశారు, ఏ రాజు ఏ గుర్రం మీంచి పడ్డాడో కూడా రాసిపెట్టారు. మనుషులు ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ నిలబడ్డారు అన్న ముఖ్యమైన సంగతిని మాత్రం గాలికి వదిలేశారు. ఆ లోటు కొంతైనా పూడాలంటే ఇక్కడ ఒక విషయం నమోదు కావలసి ఉంది: టార్చిగారు ముప్ఫై ఒక్క ఏళ్ళపాటు చీకట్లో కూర్చోలేదు.

వెలుతురులో కూర్చునేవారు. భోజనానికి కూర్చునేవారు, క్షవరానికి కూర్చునేవారు, పెళ్ళిపీటల మీద కూడా కూర్చున్నారని చూసినవాళ్ళు చెబుతారు. కానీ దీపాలు ఆరి ఎదురుగా బొమ్మ కదలడం మొదలయిందంటే చాలు, ఆయన కాళ్ళు వాటంతటవే లేచి నిలబడేవి. కుడిచెయ్యి నడుము దగ్గరికి వెళ్ళేది. ఆ నడుముకి ఒక టార్చిలైటు వేలాడుతూ ఉండేది.

ఆయన ఉద్యోగం అదే. పాత సినిమా హాల్లో, ఆలస్యంగా వచ్చినవాళ్ళకి సీటు చూపించడం. వినడానికి చిన్న పని. చెయ్యబోతే తెలుస్తుంది. వెలుగు నేల మీదే పడాలి. భార్యతో వచ్చినవాడి మొహం మీద పడకూడదు, భార్య కాని మనిషితో వచ్చినవాడి మొహం మీద అసలే పడకూడదు. వరసలో ఉన్న మోకాళ్ళన్నీ పక్కకి జరిగేదాకా వెలుగు వణకకూడదు. ఈ శాస్త్రంలో ఆయనంతటివాడు లేడని, ఎవర్నీ మెచ్చుకోని హాలు మేనేజరే ఒప్పుకున్నాడు. క్రమంగా అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉండిపోయి, మనిషి టార్చిగారై స్థిరపడ్డారు.

ఈ ఉద్యోగంలో ఒకటే చిక్కు. సినిమా మొదలైన మొదటి పది నిమిషాలూ ఆయన చూపు నేల మీదే. జనం వస్తూనే ఉంటారు, చెప్పులు కనిపిస్తూనే ఉంటాయి. చివరి పది నిమిషాలు ఆయన హాల్లోనే ఉండరు. పక్క తలుపుల గడియలు తీసి, జనం బయటికి పోవడానికి వీలుగా వరండాలో నిలబడి ఉండాలి. అంచేత ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ హాలుకి వచ్చిన సినిమాలన్నీ ఆయన చూశారు. ఒక్కొక్కటి నలభైసార్లు చూశారు. మధ్యభాగంలో ఆయనకి నోటికి రాని డైలాగు లేదు. ఏ ఒక్కదానికీ మొదలు తెలీదు, ఏ ఒక్కదానికీ చివర తెలీదు.

సెలవు రోజున టిక్కెట్టు కొనుక్కుని పూర్తిగా చూడొచ్చు కదా అని ఎవరికైనా తోస్తుంది. ఆయనకీ తోచింది. ఒకసారి అవతలి వీధి హాలుకి వెళ్ళి సీట్లో కుదురుకున్నారు. దీపాలు ఆరాయి. ఒక జంట తడుముకుంటూ లోపలికొచ్చింది. టార్చిగారు లేచి వాళ్ళకి సీటు చూపించారు. ఇంకో నలుగురొచ్చారు. వాళ్ళకీ చూపించారు. ఆ హాలు టార్చి మనిషి పరుగున వచ్చి, "ఏంటి సార్, నా పొట్ట కొడతారా?" అని చెయ్యి పట్టుకుని ఆపేదాకా ఆయన ఈ లోకంలో లేరు. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. చిక్కు పెళ్ళితో ముదిరింది. ఆయన భార్య ఆస్పత్రి లాండ్రీలో పనిచేసేది. తరవాత్తరవాత అదే లాండ్రీకి సూపర్వైజరు కూడా అయింది. ఆవిడది ఉదయం షిఫ్టు, మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరేది. ఆయన సాయంత్రం ఆట కోసం ఐదింటికి బయల్దేరేవారు. రెండుకీ ఐదుకీ మధ్యనున్న ఆ మూడు గంటలే వాళ్ళ కాపురం. పెళ్ళయిన మొదటి నెలలో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఆవిడ అడిగింది.

"మీ హాల్లో ఏదో పడవవాడి సినిమా ఆడుతోందట కదా. కథ చెప్పండి."

సినిమా హాల్లో పనిచేసే మనిషిని నమ్మి చేసుకున్న కొత్త పెళ్ళాం, మొట్టమొదటిసారి నోరు తెరిచి అడిగిన కోరిక. "నాకు మధ్యదే తెలుసు" అని ఏ మొగుడు చెబుతాడు? టార్చిగారు గొంతు సవరించుకుని మొదలు కల్పించారు. మధ్యభాగం ఉన్నదున్నట్టు చెప్పారు. చివరికి వచ్చేసరికి పడవవాడు రేవులోనే తొమ్మిదేళ్ళు కాచుకుని ఉన్నాడనీ, విడిచివెళ్ళిన మనిషి ఒక వానరోజున తిరిగొచ్చి ఆ పడవే ఎక్కిందనీ, ఇద్దరూ అవతలి గట్టున ఇల్లు కట్టుకున్నారనీ చెప్పారు. ఆవేశం ఆగక ఆ ఇంటికి పెంకులు కూడా కప్పించారు.

మర్నాడు ఆవిడ అంది, "మీరు కథ చెబుతుంటే ఎంత హాయిగా ఉందోనండీ."

అంతే. ఆ తరవాత వచ్చిన ప్రతి సినిమాకీ ఒక మొదలూ ఒక చివరా టార్చిగారి ఖర్చుతోనే తయారయ్యాయి. ముప్ఫై ఏళ్ళకి దగ్గరపడుతున్న కాపురంలో ఆవిడ ఆయన మాటని ఏనాడూ అనుమానించలేదు. ఆలస్యమైందంటే ఆలస్యమైందని నమ్మింది, గొడుగు పోయిందంటే పోయిందని నమ్మింది. ఆ నమ్మకమంతా ఆ పెంకుటిల్లు మీద నిలబడి ఉందని టార్చిగారి నిశ్చితాభిప్రాయం.

తరవాత హాలు మూతపడింది. ఇప్పుడది బాత్రూము సామాన్ల షోరూము. ఒకప్పుడు తెర ఉన్నచోట వాష్‌బేసిన్లు వేలాడుతున్నాయి. టార్చిగారు ఇంట్లో మిగిలారు. కంప్యూటర్లు బాగుచేసే కొట్లో పనిచేస్తున్న ఆయన కూతురికి, తండ్రి గోడకి ఆనుకుని నిలబడి టీవీ చూడటం చూసి జాలేసింది. ముందు గదిలో సినిమాలు చూడటానికే ఒక కంప్యూటరు తయారు చేస్తానని ప్రకటించి, ఒక సెలవు రోజున భాగాలన్నీ తెచ్చి భోజనాల బల్ల మీద పరిచింది.

టార్చిగారు వాటిని కొంతసేపు తేరిపార చూశారు.

"ఇదేంటమ్మా?"

"ప్రాసెసరు నాన్నా. దీని మీద కూర్చునేది ఫ్యాను. అస్సలు చప్పుడు చెయ్యదు. సినిమా మధ్యలో గుయ్‌మని మోగితే చిరాకు కదా."

"చప్పుడు చెయ్యని ఫ్యాను తిరుగుతోందని ఎలా తెలుస్తుంది?"

"కంప్యూటరు కాలిపోకపోతే తిరుగుతున్నట్టే."

ఈ సమాధానం ఆయన్ని ఎంతో కలవరపెట్టింది గాని, అడిగితే ఇంకో సమాధానం వస్తుందని ఊరుకున్నారు. ఆయనకి తెలిసిన పని ఆయన చేశారు. నల్లటి డబ్బాలో ఏ మూల ఏ స్క్రూ బిగించాలన్నా, కూతురి వేలు అక్కడికి చేరేసరికి టార్చి వెలుగు అక్కడ సిద్ధంగా ఉండేది. పదహారు స్క్రూలు బిగించేదాకా ఒక్కసారి కూడా ఆ వెలుగు పిల్ల కంట్లో పడలేదు.

"నాన్నా, మా కొట్లో చేరిపోరాదూ? అక్కడ అందరం ఫోను నోట్లో పెట్టుకుని బిగిస్తున్నాం."

డబ్బా మూత పెట్టారు. టీవీ పక్కన నిలబెట్టారు. కూతురు చేతులు కడుక్కుని వచ్చి మీట నొక్కింది. డబ్బాకి చిన్న నీలం దీపం వెలిగింది. టీవీ మాత్రం సిగ్నల్ లేదని చెప్పి నల్లగా ఉండిపోయింది. ఆ అమ్మాయి మూత విప్పింది, మెమరీ తీసి మళ్ళీ పెట్టింది, టీవీని తిట్టింది, డబ్బాని తిట్టింది, సామాను అమ్మినవాణ్ణి పేరుపెట్టి తిట్టింది. గంట గడిచింది. చివరికి డబ్బా వెనక్కి వంగి చూసి అడిగింది.

"నాన్నా, ఈ టీవీ కేబులు ఎవరు పెట్టారు?"

"నేనే. నువ్వు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు."

"వెనక ఒకేలాంటి సాకెట్లు రెండున్నాయి. కింద, బొమ్మ పంపే కార్డుకి ఉన్నదాన్లో పెట్టాలి. నువ్వు పైదాన్లో పెట్టావు."

"ముందు ఖాళీగా కనబడినదాన్లో కూర్చోబెట్టానమ్మా. లేటుగా వచ్చినవాళ్ళని అంతేగా చేస్తాం."

కూతురు తల పట్టుకుంది. "దీనికి రిజర్వేషను ఉంది నాన్నా."

కేబులు తన సీట్లోకి మారగానే బొమ్మ వచ్చింది. మూతపడిన ఒక సీడీల కొట్టు నుంచి ఆ అమ్మాయి రెండు బస్తాల పాత సినిమాలు తెచ్చి, రోజుకి కొన్ని చొప్పున డబ్బాలోకి ఎక్కించింది. టీవీ తెర మీద వరసగా పోస్టర్లు కనబడేవి. టార్చిగారు ఆ వరసల్ని చూసి మొదటిరోజే గుర్తుపట్టారు. ఇవన్నీ తన హాల్లో ఆడినవే. అంటే ఇవన్నీ తను మధ్యలో చూసినవే.

వారం తిరక్కుండా ఇంట్లో రహస్య ప్రదర్శనలు మొదలయ్యాయి. భార్య లాండ్రీకి, కూతురు కొట్టుకి వెళ్ళాక టార్చిగారు కర్టెన్లు దగ్గరికి లాగి, గోడ పక్కన నిలబడి, ఒక సినిమా పెట్టేవారు. మొదటి పది నిమిషాలు చూసేవారు. తరవాత రిమోటు నొక్కి, నొక్కి, నొక్కి, చివరి పది నిమిషాలకి వెళ్ళేవారు. మధ్యది ఎందుకు? మధ్యది తెలుసు. ఒక్క పూటలో ఎనిమిది సినిమాలు పూర్తయ్యేవి. రిమోట్లు రెండు. ఒకదానికి శబ్దం లొంగేది, ఒకదానికి బొమ్మ లొంగేది, ఏది దేనికో ఆయనకి చివరిదాకా అర్థం కాలేదు. ఒకరోజు ఏం నొక్కారో, సినిమా అంతా నీలం రంగు మనుషులతో నడిచింది. ఆయన అది దర్శకుడి ఉద్దేశం అనుకుని గౌరవంగా చూశారు.

కానీ అసలు అయోమయం రిమోట్లది కాదు. ఇద్దరు డాక్టర్ల సినిమా అని ఒకటుంది. గడ్డం ఉన్న డాక్టరు, గడ్డం లేని డాక్టరు, చిన్నప్పుడు విడిపోయిన అన్నదమ్ములని టార్చిగారు ఎప్పుడో తీర్పు చెప్పి, భార్యకి వాళ్ళ బాల్యం కూడా వర్ణించి ఉన్నారు. మొదటి పది నిమిషాలు చూస్తే తేలిందేమిటంటే, ఇద్దరూ ఒకడే. వాడు మూడో నిమిషంలో గడ్డం గీసుకున్నాడు. ఇంకో సినిమాలో ఆయన పనిమనిషి అనుకున్న ఆవిడ ఇంటి యజమానురాలు. మరోదాంట్లో హంతకుడు పట్టుబడి జైలుకి పోయాడని చెప్పారు. అసలు అందులో హత్యే జరగలేదు, చచ్చాడనుకున్నవాడు చివర్లో బస్సు దిగాడు. నలభై మూడు సినిమాలు చూస్తే మూడింటికే ఆయన చెప్పిన చివర కుదిరింది. ఆ మూడింట్లోనూ అందరూ గ్రూపు ఫొటో దిగారు.

ఎవరు పొరపాటు పడ్డారన్నది ఆయనకి తేలలేదు. కొన్ని సందర్భాల్లో, నిష్పక్షపాతంగా ఆలోచిస్తే, సినిమా తీసినవాళ్ళే పొరపడ్డారని అనిపించింది.

నలభై నాలుగోది పడవవాడి సినిమా. టార్చిగారు దాన్ని పెట్టడానికి రెండు రోజులు తటపటాయించి, మూడోరోజు పెట్టారు. చివరి పది నిమిషాల్లో పడవవాడు తొమ్మిదేళ్ళు కాదు కదా, తొమ్మిది రోజులు కూడా ఆగలేదు. పడవ అమ్మేసి బస్సెక్కి పోయాడు. ఆవిడ ఏళ్ళ తరవాత వానలో తడుస్తూ వచ్చింది. రేవు లేదు, పడవ లేదు. నది మీద వంతెన కట్టేశారు. వంతెన మీద ఒక లారీ వెళ్ళింది. శుభం.

ఆయన రిమోట్లు రెండూ పక్కన పెట్టేశారు. ఆ రోజు ఇంకేమీ చూడలేదు.

ఆ వారంలోనే కూతురు టీవీ ముందు నిలబడి కేకేసింది.

"నాన్నా, ఏంటిది? సగంలో ఆపినవి అని దీంట్లో ఒక వరసుంటుంది. ఎవరైనా సినిమా మధ్యలో ఆపేసినా, మధ్యది దాటేసినా గుర్తుపెట్టుకుంటుంది. అందులో నలభై నాలుగు సినిమాలున్నాయి! అన్నీ మొదటా చివరా చూసి వదిలేశావు. ఇలా ఎవరైనా చూస్తారా?"

"మధ్యది తెలుసమ్మా."

"మరి అమ్మ ఈ ఆదివారం మధ్యాహ్నం సినిమా చూద్దామంటోంది. మామయ్యని కూడా రమ్మంది. పడవవాడి సినిమా పెట్టమంది. ఎన్నాళ్ళ నుంచో చూడాలని ఉందట."

టార్చిగారు నెమ్మదిగా అడిగారు. "ఏదైనా సినిమాకి చివరి పది నిమిషాలు కత్తిరించడం నీకు వచ్చా?"

"వచ్చు. ఎందుకు?"

"చివర లేకపోయినా బాగానే ఉంటుంది. నేను అన్నేళ్ళు చూడలేదూ?"

కూతురు రిమోటు కింద పెట్టి ఆయన వంక చూసింది. ఆ చూపుకి టార్చిగారు కరిగి, ఉన్నదంతా చెప్పేశారు. వరండా, గడియలు, తొమ్మిదేళ్ళు, వానరోజు, పెంకులు. కూతురు నవ్వి, నవ్వి, కుర్చీ పట్టుకుని నిలబడింది.

"ఇందులో ఏముంది నాన్నా? అమ్మకి చెప్పెయ్యి."

"ఏమని చెప్పను? పెళ్ళయిన నెల్లో చెప్పిన మొదటి కథే అబద్ధమంటే, తరవాత చెప్పినవన్నీ ఏమనుకుంటుంది?"

"అవి కూడా అబద్ధాలేగా."

"అదే కదా నేననేది!"

కత్తిరించడానికి కూతురు ఒప్పుకోలేదు. శనివారం మధ్యాహ్నం టార్చిగారు సినిమాని ఇంకోసారి పెట్టి, నేరుగా చివరికి వెళ్ళారు. ఈసారి ఏమైనా మారిందేమోనన్న చిన్న ఆశ. వానలో ఆవిడ నది వైపు నడుస్తుండగా వీధి తలుపు చప్పుడైంది. గబుక్కున ఆపేసి కర్టెన్లు తీశారు. భార్య చెప్పులు విప్పుతోంది. ఇదే సమయమనిపించింది.

"నీకో సంగతి చెప్పాలి."

"ఏంటండీ?"

ఆయన నోరు తెరిచారు. పెంకుటిల్లు కళ్ళముందు కదిలింది. "గ్యాసు అయిపోయేలా ఉంది."

"నిన్ననే కదా కొత్తది పెట్టాను," అని ఆవిడ లోపలికెళ్ళిపోయింది.

ఆదివారం బావమరిది వచ్చాడు. బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఏ విషయమైనా నాలుగు నిమిషాలు ఆలస్యమైందని చెప్పగలడు. లోపలికొస్తూనే కర్టెన్లనీ, డబ్బానీ, బావ నడుముకున్న టార్చినీ చూశాడు.

"హాలు నిన్ను వదిలేసినా నువ్వు హాలుని వదల్లేదన్నమాట బావా! బాల్కనీ ఎటు?"

"కూర్చోరా ముందు."

"టిక్కెట్టు చింపకుండానే? మరీ ఇంత అలుసా?"

దీపాలు ఆర్పారు. భార్య వంటగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. టార్చిగారి చెయ్యి ఎప్పటిలాగే నడుము మీదికి పోయింది. నేల మీద గుండ్రటి వెలుగు ఆవిడ కాళ్ళకి ముందు జరుగుతూ కుర్చీ దాకా వెళ్ళి ఆగింది.

"నా ఇంట్లో నాకే సీటు చూపిస్తారేంటండీ!" అంది ఆవిడ. అన్నా, ఆ వెలుగు వెంటే నడిచి కూర్చుంది.

కూతురు కిటికీ సందులోంచి పడుతున్న ఎండకి అడ్డంగా దుప్పటి కడుతోంది. రిమోటు బావమరిది చేతికి చిక్కింది. అతను పోస్టరు చూసి నొక్కాడు. తెర ఒక ప్రశ్న అడిగింది: ఆపిన చోటి నుంచి కొనసాగించాలా? టార్చిగారు "ఆగు, ఆగు" అనేలోపు, ఎవరేం అడిగినా అవుననే అలవాటున్న బావమరిది అవునని నొక్కేశాడు.

వాన. తడుస్తూ నడుస్తున్న ఒక ఆడమనిషి. నది. వంతెన. ఆవిడ వంతెన కింద నిలబడి అవతలి గట్టు వైపు చూసింది. గట్టు మీద ఏమీ లేదు. లారీ వెళ్ళింది. శుభం.

"అయిపోయిందా?" అన్నాడు బావమరిది వాచీ చూసుకుంటూ. "రెండు నిమిషాల సినిమాకి నన్ను ఊరవతల నుంచి రప్పించారా?"

"నువ్వు చివర్లోంచి పెట్టావు మామయ్యా! మొదటి నుంచి పెట్టాలి," అని కూతురు దుప్పటి వదిలేసి వచ్చింది.

భార్య మాత్రం తెరనే చూస్తోంది. అది చూసి టార్చిగారు ఆగలేకపోయారు. ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"నేను నీకు చెప్పింది ఇది కాదు," అన్నారు చీకట్లోంచి.

"ఏది?"

"ఈ చివర. వాడు తొమ్మిదేళ్ళు కాచుకుని ఉన్నాడని చెప్పాను. ఆవిడ తిరిగొచ్చి పడవెక్కిందని చెప్పాను. ఆ ఇల్లు, ఆ పెంకులు... అన్నీ నేను కల్పించినవే. నేనెప్పుడూ ఏ సినిమాకీ చివర చూడలేదు. మొదలూ చూడలేదు. ఇదొక్కటే కాదు, నీకు చెప్పినవన్నీ అంతే. ఇన్నేళ్ళూ నిన్ను మోసం చేశాను."

భార్య కుర్చీలో వెనక్కి తిరిగి, గొంతు వినబడిన వైపు అయోమయంగా చూసింది.

"ఏ ఇల్లండీ?"

"అవతలి గట్టున కట్టుకున్నది. పెంకుటిల్లు."

"అవతలి గట్టున ఇల్లెక్కడుంది? ఇప్పుడేగా చూశాం, ఖాళీగా ఉంది."

"సినిమాలో కాదు! నేను చెప్పినదాంట్లో. మన పెళ్ళయిన నెల్లో, భోజనం చేశాక, నువ్వు అడిగితే..."

"అడిగాను, గుర్తుంది. మీరు మొదలుపెట్టారు. పడవవాడికి ఒక ముసలి తల్లి ఉంటుందన్నారు. ఆ తరవాత ఏం చెప్పారో నాకేం తెలుసు? నేను నిద్రపోయానుగా."

"నిద్రపోయావా?"

"ఎప్పుడూ అంతే కదండీ. మీరు కథ ఎత్తుకోవడం, నాకు కళ్ళు మూతపడటం. లేచి చూస్తే మీరు డ్యూటీకి వెళ్ళిపోయి ఉండేవారు. ఆ పడవవాడు చివరికి ఏమయ్యాడో మిమ్మల్ని అడగాలంటే మొహమాటంగా ఉండేది, అంత కష్టపడి చెప్పారు కదా అని. అందుకే ఇప్పుడు చూద్దామన్నాను."

"మరి, కథ చెబుతుంటే ఎంత హాయిగా ఉందో అన్నావు?"

"హాయిగానే ఉండేది. అంత మంచి నిద్ర నాకు మళ్ళీ ఎప్పుడు పట్టింది?" అని ఆవిడ కూతురి వైపు తిరిగింది. "మొదటి నుంచి పెట్టవే."

అప్పట్లో ఆవిడ డ్యూటీ తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలయ్యేది.